డార్విన్ మంచం పక్కన కాటన్ దొర కూతురు

చార్లెస్ డార్విన్ చనిపోయే ముందు పశ్చాత్తాపపడ్డాడట. పరిణామ సిద్ధాంతం తప్పని ఒప్పుకుని, బైబిల్ చేతబట్టుకుని, ఏసుక్రీస్తుని నమ్ముకుని కన్నుమూశాడట. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినని వాళ్ళు మనలో తక్కువే. కరపత్రాల్లో చదివి ఉంటారు, ప్రసంగాల్లో విని ఉంటారు. నూరేళ్ళు దాటినా ఈ కథ చావలేదు. దీన్ని మొదట చెప్పిన మనిషి ఎవరో తెలిస్తే మాత్రం గోదావరి జిల్లాల వాళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడతారు. ఆవిడ మన కాటన్ దొరగారి కూతురు!

నిజమండీ. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ కూతురు ఎలిజబెత్. 1842లో టాస్మానియాలో పుట్టింది. గోదావరి మీద ఆనకట్ట పని 1847లో మొదలయ్యేనాటికి ఆ పిల్లకి నాలుగైదేళ్ళు. తర్వాత ఇంగ్లండులో డోర్కింగ్ అనే ఊళ్ళో కూలీనాలీ జనాన్ని సారా కొట్ల నుంచి తప్పించడానికి కాఫీ గదులు నడిపింది, మతప్రచారం చేసింది. 1877లో అడ్మిరల్ జేమ్స్ హోప్‌ని పెళ్ళి చేసుకుంది. అప్పట్నుంచి ఆవిడ లేడీ హోప్. ఆయన 1881లో పోయాడు. పన్నెండేళ్ళ తర్వాత ఇంకొకర్ని పెళ్ళి చేసుకున్నా, ఆ 'లేడీ హోప్' పేరుని మాత్రం వదల్లేదు. చరిత్రలో కూడా ఆ పేరుతోనే మిగిలింది.

ఇప్పుడు కథలోకి వద్దాం. 1915 వేసవిలో లేడీ హోప్ అమెరికాలో, మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ అనే చోట జరిగిన క్రైస్తవ సభలకి వెళ్ళింది. అక్కడ ఆవిడ చెప్పిన కథని ఆ ఆగస్టులోనే వాచ్‌మన్-ఎగ్జామినర్ అనే బాప్టిస్టు పత్రిక అచ్చేసింది. కథ సారాంశం ఇది. ఒక శరత్కాలపు మధ్యాహ్నం ఆవిడ డార్విన్‌ని చూడ్డానికి వెళ్ళింది. ఆయన చనిపోవడానికి ముందు కొన్ని నెలలుగా దాదాపు మంచానికే అంటుకుపోయి ఉన్నాడు. ఊదారంగు గౌను వేసుకుని, దిండ్లకి ఆనుకుని, బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక చదువుతున్నాడు. పరిణామం మాట వచ్చేసరికి మొహంలో బాధ కనబడింది. ఏదో కుర్రతనంలో, ఇంకా రూపుకట్టని ఆలోచనలు బయట పెడితే జనం వాటినే మతం చేసుకున్నారని వాపోయాడు. తోటలోని చిన్న గదిలో తన పనివాళ్ళకీ ఇరుగుపొరుగుకీ క్రీస్తు గురించి చెప్పమని ఆవిణ్ణి అడిగాడు. కిటికీ తీసుకుని వింటాననీ, పాటల్లో తనూ గొంతు కలుపుతాననీ అన్నాడు.

కొంచెం ఆగి చూడండి. ఈ కథలో డార్విన్ తన సిద్ధాంతం తప్పని ఎక్కడా చెప్పలేదు. నేను క్రీస్తుని నమ్ముకున్నానని కూడా సూటిగా అనలేదు. ఇది మరణశయ్య కూడా కాదు. డార్విన్ పోయింది 1882 ఏప్రిల్ 19న, కథ జరిగింది శరత్కాలంలో. అంటే కొన్ని నెలల ముందు. తర్వాత చెప్పినవాళ్ళు తలా ఓ చెయ్యి వేశారు. శరత్కాలం కాస్తా చివరి గడియ అయింది, బాధపడ్డ మొహం కాస్తా బహిరంగ క్షమాపణ అయింది. చచ్చినవాడి కళ్ళు చారెడని మనవాళ్ళు ఊరికే అన్నారా? పోయినవాడికి మంచితనమే కాదు, మతం కూడా తర్వాత అంటించొచ్చు.

మా వృత్తిలో ఏదైనా కూలిపోతే మొదట అడిగే ప్రశ్నలు మూడు. ఆ టైములో అక్కడ ఎవరున్నారు? లాగ్ ఎప్పుడు రాసింది? దానికి వేరే ఆధారం ఉందా? ఆ మూడూ ఇక్కడ అడిగి చూద్దాం.

లాగ్ రాసిన తేదీ 1915. జరిగిందంటున్నది 1881. మధ్యలో ముప్ఫై నాలుగేళ్ళు. ఆ ముప్ఫై నాలుగేళ్ళలో డార్విన్ భార్య పోయింది, స్నేహితుడు హక్స్‌లీ పోయాడు. కొన్ని నెలలుగా మంచానికి అంటుకుపోయాడన్నది కూడా సరిపోదు. వానపాముల మీద ఆయన రాసిన చివరి పుస్తకం బయటికొచ్చింది 1881 అక్టోబరులోనే. ఒంట్లో బాగుండకపోవడం డార్విన్‌కి జీవితమంతా ఉన్నదే కానీ, ఆ శరత్కాలంలో ఆయన మంచంలో పడిలేడు.

అక్కడ ఎవరున్నారు? చివరి రోజుల్లో కెంట్ జిల్లాలోని డౌన్ ఊళ్ళో, ఆ ఇంట్లో, భార్య ఎమ్మా, కూతురు హెన్రియెట్టా, కొడుకు ఫ్రాన్సిస్ ఉన్నారు. చావంటే తనకేమీ భయం లేదని డార్విన్ అన్నట్టు ఫ్రాన్సిస్ 1887లో అచ్చేసిన జీవిత చరిత్రలో ఉంది. లేడీ హోప్ కథ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చాక ఫ్రాన్సిస్ దాన్ని అబద్ధమన్నాడు. హెన్రియెట్టా అయితే 1922 ఫిబ్రవరిలో లండన్‌లోని ది క్రిస్టియన్ అనే పత్రికలోనే జవాబిచ్చింది. మా నాన్న మరణశయ్య దగ్గర నేనున్నాను, లేడీ హోప్ లేదు, ఆవిణ్ణి ఆయన అసలు ఎప్పుడూ చూసి కూడా ఉండడు, తన శాస్త్రీయ అభిప్రాయాల్లో దేన్నీ ఆయన వెనక్కి తీసుకోలేదు అని దాని సారాంశం. ఆ మరుసటి నెలలోనే లేడీ హోప్ సిడ్నీలో చనిపోయింది.

ఇక వేరే ఆధారాలు. డార్విన్ స్వయంగా రాసిన కాగితాలు ఉన్నాయి కదా, వాటిని అడుగుదాం. 1879లో జాన్ ఫోర్డైస్ అనే ఆయనకి రాసిన ఉత్తరంలో, దేవుడు లేడని అడ్డంగా కాదనే నాస్తికుణ్ణి నేనెప్పుడూ కాదనీ, నా మానసిక స్థితికి అజ్ఞేయవాది అన్న మాట ఎక్కువ సరిపోతుందనీ అన్నాడు. 1880 నవంబరు 24న ఫ్రెడరిక్ మెక్‌డర్మాట్ అనే యువ న్యాయవాది సూటిగా అడిగితే, అంతే సూటిగా జవాబు రాశాడు. బైబిల్ దైవప్రకటన అని నమ్మననీ, అందుచేత ఏసుక్రీస్తు దేవుని కుమారుడనీ నమ్మననీ. ఆ ఉత్తరం 2015లో న్యూయార్కులో వేలానికొచ్చి దాదాపు రెండు లక్షల డాలర్లు పలికింది.

కాగితాలన్నిటికన్నా నాకు పెద్ద సాక్ష్యంగా కనబడేది ఒక మనిషి మౌనం. ఆ మనిషి ఎమ్మా డార్విన్.

ఎమ్మా భక్తురాలు. పెళ్ళైన కొత్తలోనే, 1839లో, ఆవిడ భర్తకి ఒక ఉత్తరం రాసింది. నీకు రుజువైతే తప్ప ఏదీ నమ్మని అలవాటు మతం విషయంలో కూడా వచ్చేస్తుందేమోనని భయంగా ఉందనీ, మనం శాశ్వతంగా ఒకరికొకరం కాకుండా పోతామనుకుంటే తట్టుకోలేననీ అందులో ఆవిడ గోడు. డార్విన్ ఆ ఉత్తరాన్ని జీవితాంతం దాచుకున్నాడు. దాని అడుగున తన చేత్తో, నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని రాశాడు. 1851లో పదేళ్ళ కూతురు ఆనీ చనిపోయింది. ఆయనకి మిగిలిన కాస్త నమ్మకం కూడా అప్పుడే పోయిందంటారు చాలామంది. స్వీయచరిత్రలో ఆయన చెప్పుకున్నదైతే, అవిశ్వాసం చాలా నెమ్మదిగా, నొప్పి తెలియకుండా వచ్చిందని. ఆ స్వీయచరిత్ర 1887లో అచ్చయినప్పుడు మతం మీద ఘాటుగా ఉన్న వాక్యాల్ని ఎమ్మా కోరిక మీద తీసేశారు. 1958లో మనవరాలు నోరా బార్లో వాటిని మళ్ళీ చేర్చేదాకా లోకానికి తెలియవు.

ఇప్పుడు చెప్పండి. డార్విన్ చివర్లో నిజంగా మారి ఉంటే, అందరికన్నా ముందు సంతోషించేది ఎవరు? నలభై మూడేళ్ళు కాపురం చేసి, మొదటి రోజు నుంచీ ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసిన ఎమ్మా కాదూ? భర్త పోయాక ఆవిడ పద్నాలుగేళ్ళు బతికింది. ఆయన రాసిన ఘాటు మాటల్ని తీయించింది తప్ప, ఆయన అనని మాటని ఒక్కటి కూడా చేర్చలేదు. చేర్చి ఉంటే కాదనేవాళ్ళు ఎవరున్నారు? ఊరేమిటి, దేశమే నమ్మేది. భక్తురాలు కాబట్టే అబద్ధం చెప్పలేదు అంటాను నేను.

అయితే కథంతా గాల్లోంచి పుట్టిందా? పూర్తిగా అలా అనడానికి లేదు. చరిత్రకారుడు జేమ్స్ మూర్ ఈ ఒక్క కథ మీదే పరిశోధన చేసి 1994లో ఒక పుస్తకం రాశాడు. 1881 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పిల్లలు ఇంట్లో లేని రోజుల్లో లేడీ హోప్ వచ్చి ఉండే అవకాశం ఉందనీ, ఆ సందర్శనకి ఆవిడే రంగులద్దిందనీ ఆయన అంచనా. ఇంకో సంగతి కూడా ఉంది. జె. డబ్ల్యు. సి. ఫెగన్ అనే మతప్రచారకుడు ఆ రోజుల్లో డౌన్ ఊళ్ళో సభలు పెట్టేవాడు. తాగుడు మానిపించాడు. డార్విన్ ఆ పనిని మెచ్చుకుని, ఊరి పఠనాలయాన్ని ఆయన సభలకి వాడుకోనిచ్చాడు. తను నమ్మకపోయినా పక్కవాడి మంచిపనికి చోటిచ్చే రకం మనిషి. ఇలాంటి మర్యాదే ముప్ఫై ఏళ్ళు పోయేసరికి మతమార్పిడి కిందకి మారినట్టుంది. తమాషా ఏంటంటే, లేడీ హోప్ కథని కట్టుకథ అని తోసిపుచ్చిన వాళ్ళలో ఆ ఫెగన్ కూడా ఒకడు. పరిణామవాదాన్ని రాత్రింబవళ్ళు తిట్టే ఆన్సర్స్ ఇన్ జెనిసిస్ అనే క్రైస్తవ సంస్థ కూడా, ఈ కథని వాడొద్దని తమవాళ్ళకే చెప్తుంది. కాబట్టి ఇది క్రైస్తవులకీ కానివాళ్ళకీ మధ్య తగువు కాదు, నిజానికీ అబద్ధానికీ మధ్య తగువు.

డార్విన్ ఒక్కడే అనుకుంటే పొరపాటు. ఇది పాత అచ్చు. అందులో ఎవరి పేరు పోసినా ఇదే బొమ్మ వస్తుంది.

థామస్ పెయిన్‌నే తీసుకోండి. అమెరికా స్వాతంత్ర్యానికి కలంతో ఊపిరి పోసినవాడు. 1794లో ది ఏజ్ ఆఫ్ రీజన్ రాసి పాదిరీల ఆగ్రహానికి గురయ్యాడు. దేవుణ్ణి నమ్మేవాడే, బైబిల్ని నమ్మేవాడు కాదు. 1809 జూన్ 8న న్యూయార్కులో దిక్కూమొక్కూ లేకుండా పోయాడు. దహించే పశ్చాత్తాపంతో క్రీస్తుని తల్చుకుంటూ పోయాడని తర్వాత ఒక క్వేకర్ స్త్రీ పేరు మీద కథ బయల్దేరింది. విలియం కాబెట్ అనే పత్రికా రచయిత, ఒకప్పుడు పెయిన్‌ని దుమ్మెత్తిపోసినవాడే, ఆ స్త్రీని వెతుక్కుంటూ వెళ్ళి అడిగాడు. ఆవిడ మాట తప్పించింది, సంతకం చెయ్యనంది. అసలు సాక్ష్యం ఎక్కడుందంటే, పెయిన్ మీద కక్షతో జేమ్స్ చీతమ్ 1809లో రాసిన జీవితచరిత్రలోనే ఉంది. వైద్యం చేసిన డాక్టర్ మాన్లీ, ఏసుక్రీస్తు దేవుని కుమారుడని నమ్ముతారా, నమ్మాలని ఉందా అని గుచ్చి గుచ్చి అడిగితే, ఆ విషయంలో నమ్మాలన్న కోరిక నాకు లేదు అన్నాడట పెయిన్. శత్రువు రాసిన పుస్తకంలో దొరికిన సాక్ష్యం కన్నా గట్టిది ఏముంటుంది? అయినా కథ ఆగలేదు. 1877లో రాబర్ట్ ఇంగర్సాల్ అనే అమెరికన్ వక్త, పెయిన్ భయంతో చచ్చాడని నిరూపిస్తే వెయ్యి డాలర్ల బంగారం ఇస్తానని పందెం వేసి న్యూయార్క్ అబ్జర్వర్ పత్రికతో కుస్తీ పట్టాల్సి వచ్చింది.

డేవిడ్ హ్యూమ్‌ది ఇంకో రకం. 1776లో ఎడిన్‌బరోలో కడుపు జబ్బుతో పోతూ కూడా నవ్వుతూ జోకులేస్తూ గడిపాడు. ఇప్పుడైనా పరలోకం ఉందని అనిపిస్తోందా అని చూడ్డానికి బాస్వెల్ జులై 7న పనిగట్టుకుని వెళ్ళాడు. హ్యూమ్ తొణకలేదు. కంగారుపడింది బాస్వెలే! ఆయన వచ్చి చెబితే డాక్టర్ జాన్సన్ నమ్మనన్నాడు, హ్యూమ్ నటిస్తున్నాడన్నాడు. హ్యూమ్ ఎంత ప్రశాంతంగా పోయాడో ఆడమ్ స్మిత్ ఒక ఉత్తరంలో రాసి అచ్చేయిస్తే, వ్యాపార విధానం మీద తను చేసిన తీవ్రమైన దాడికి రానన్ని తిట్లు ఆ చిన్న ఉత్తరానికి వచ్చాయని తర్వాత వాపోయాడు. మనుషుల ముందు నవ్వేవాడు కానీ ఒంటరిగా ఉంటే నరకయాతన పడేవాడని కథలు పుట్టాయి. నమ్మనివాడు ప్రశాంతంగా పోవడం అనేది కొంతమందికి మింగుడుపడని విషయం.

వోల్టేర్ దగ్గరికొచ్చేసరికి కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే అక్కడ నిజంగానే ఒక సంతకం ఉంది. 1778 మార్చి 2న, పారిస్‌లో జబ్బుపడి ఉండగా, గోల్టియే అనే పాదిరీ ముందు, పుట్టిన కాథలిక్ మతంలోనే చనిపోతున్నానని, చర్చిని నొప్పించి ఉంటే క్షమించమని కాగితం రాసిచ్చాడు. చూశారా, మారాడు కదా అంటారు. కానీ దానికి రెండ్రోజుల ముందే, ఫిబ్రవరి 28న, తన కార్యదర్శి వాన్యేర్ చేతికి ఇంకో కాగితం ఇచ్చాడు. దేవుణ్ణి ఆరాధిస్తూ, మిత్రుల్ని ప్రేమిస్తూ, శత్రువుల్ని ద్వేషించకుండా, మూఢత్వాన్ని మాత్రం అసహ్యించుకుంటూ పోతున్నానని. మరి ఆ సంతకం ఎందుకు? 1730లో ఆయన స్నేహితురాలు, గొప్ప నటి ఆడ్రియెన్ లెకూవ్రర్ చనిపోతే, నటి అన్న కారణానికి చర్చి ఆవిడకి సమాధి ఇవ్వలేదు. ఎక్కడో గుంట తీసి పాతేశారు. అది ఆయన కళ్ళముందు జరిగింది, మర్చిపోలేదు. తన శవానికి ఆ గతి పట్టకూడదనుకున్నాడు. మే 30న చివరి రోజు పాదిరీలు మళ్ళీ వచ్చి క్రీస్తు గురించి అడిగితే, నన్ను ప్రశాంతంగా పోనివ్వండి అన్నాడు. ఆ తర్వాత ఏమైంది? పారిస్‌లో సమాధి ఇవ్వమన్నారు. మేనల్లుడు శవాన్ని రాత్రికి రాత్రి ఊరు దాటించి షాంపేన్ ప్రాంతంలోని ఒక మఠంలో పూడ్పించాడు. చర్చే ఆ సంతకాన్ని నమ్మలేదన్నమాట!

ఇదంతా చదివి, చివర్లో మారినవాళ్ళెవరూ లేరా అంటే, ఎందుకు లేరు? ఆస్కార్ వైల్డ్ 1900 నవంబరు 29న కాథలిక్ మతంలో చేరి మర్నాడు పోయాడు. చేర్చుకున్న పాదిరీ పేరు కత్‌బర్ట్ డన్. పిలుచుకొచ్చిన స్నేహితుడి పేరు రాబర్ట్ రాస్. తేదీ ఉంది, మనిషి ఉన్నాడు, ఆ పాదిరీ రాసుకున్నదీ ఉంది. కాబట్టి నమ్ముతాం, ఎవరికీ పేచీ లేదు. హేతువాదుల వైపు కూడా కట్టుకథలు తక్కువేం కాదు. సైతానుని తిరస్కరించమని పాదిరీ అడిగితే, కొత్త శత్రువుల్ని చేసుకునే సమయం కాదిది అని వోల్టేర్ అన్నాడని ఒక జోకు తిరుగుతూ ఉంటుంది. చాలా బావుంటుంది, కానీ ఆయన అన్నట్టు ఆధారం లేదు. డార్విన్ దగ్గర పట్టిన తక్కెడ ఇక్కడ కూడా పట్టాలి. మనకి నచ్చిన కథ అయినంత మాత్రాన తూకం మారకూడదు.

అసలు ఈ ఆఖరి గడియ మీద ఇంత మోజెందుకు? ఇది ఒక మతం జబ్బు కాదు. జీవితమంతా ఎలా బతికినా చివర్లో కొడుకుని 'నారాయణా' అని పిలిచి తరించిన అజామిళుడి కథ మనకీ ఉంది. చివరి మాటే అసలు మాట అని మనిషి లోపల ఎక్కడో ఒక నమ్మకం. అజామిళుడి కథ చెప్పేది దేవుడి దయ గురించి. దాంతో ఎవరికీ నష్టం లేదు. లేడీ హోప్ కథ అలా కాదు, అది ఒకరి జీవితకాలపు ఆలోచనని చివరి పేజీలో దొంగచాటుగా కొట్టేసి, ఆయన పేరుతోనే సంతకం పెట్టడం. పైగా దానివల్ల వాదన గెలిచేది కూడా లేదు. డార్విన్ నిజంగానే చివర్లో మారాడనుకుందాం. జాతుల పుట్టుక గురించి ఆయన చూపించిన ఆధారాలు మారతాయా? న్యూటన్ ఆఖరి రోజున గురుత్వాకర్షణ లేదన్నా మామిడికాయ కిందకే పడుతుంది కదా.

చివరగా మన కాటన్ దొర సంగతి. ఇక్కడే మనకి అసలు పరీక్ష. ఎందుకంటే తండ్రి జీవితం మీద 1900లో పుస్తకం రాసింది కూడా ఈ లేడీ హోపే. కాటన్ గురించి మనం చెప్పుకునే సంగతులు చాలావాటికి ఆ పుస్తకం ఒక మూలం. డార్విన్ విషయంలో ఆవిడ మాట చెల్లదు కాబట్టి కాటన్ విషయంలో కూడా చెల్లదందామా? లేక మన కాటన్ దొర కూతురు కాబట్టి డార్విన్ విషయంలో కూడా నమ్మేద్దామా? రెండూ తప్పే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందనడానికి ఆవిడ మాట అక్కర్లేదు. ప్రభుత్వ రికార్డులున్నాయి, కాలవలున్నాయి, డెల్టాలో పండిన వడ్లున్నాయి. పుస్తకంలో ఆవిడ ఒక్కతే సాక్షిగా ఉన్న చోట్ల మాత్రం కొంచెం ఆగి చదవాలి. ఊరూరా కాటన్ విగ్రహానికి దండ వేసే చేత్తోనే ఆ పని చెయ్యొచ్చు. దానివల్ల కాటన్‌కి వచ్చే లోటేమీ లేదు.

లేడీ హోప్ కావాలని అబద్ధమాడిందని నేననను. ఒక ముసలావిడ, ఎప్పటిదో ఒక మధ్యాహ్నం, వినడానికి ఆశగా చూస్తున్న సభ. జ్ఞాపకం అలాంటిచోట సాగుతుంది. కానీ ఆవిడ కన్నా ఎక్కువ ఆశ ఉన్న మనిషి డార్విన్ ఇంట్లోనే ఉంది, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఆ చివరి మాట కోసం నలభై మూడేళ్ళు ఎదురుచూసింది. అది రాలేదు. రాలేదు కాబట్టి వచ్చిందని చెప్పలేదు. ఈ కథని మళ్ళీ ఎవరైనా మీకు చెబితే, వాళ్ళతో వాదన పెట్టుకోకండి. ఎమ్మా ఏమందో ఒకసారి అడగండి, చాలు.